ఆసరాగా నిలిచే చేతులకు కూడా శిక్షణ కావాలి

ఈ సంచికలో మనం ఒక పని గురించి తెలుసుకొందాం. ఆ పని ప్రతి ఊరిలో ఏదో ఒక ఇంట్లో జరుగుతూనే ఉంది. కాని దానికి ఒక పేరు ఉందని, ఒక చదువు ఉందని, దానిని జీవనోపాధిగా ఎన్నుకోవచ్చునని చాలామందికి తెలియదు. అదే వికలాంగులకు సహాయకులుగా ఉండే పని.

కొంతకాలం క్రితం పాకాల వైపు పల్లె నుండి ఒక తల్లి మా ఫిజియోథెరపీ విభాగానికి వచ్చింది. ఆమె నడుము నొప్పితో వంగిపోయి ఉంది. కారణం అడిగితే పక్కన బల్లమీద పడుకోబెట్టిన కొడుకును చూపించింది. ఆ అబ్బాయికి పందొమ్మిదేళ్ళు. పుట్టినప్పటినుండి సెరిబ్రల్ పాల్సీ. పసివాడుగా ఉన్నప్పుడు చంకలో ఎత్తుకున్నట్టే నేటికీ ఆమె ఒక్కతే ఎత్తి, దించి, స్నానం చేయించి, అన్నం పెడుతోంది. పరీక్ష అయిన తరువాత ఆమె మెల్లగా అడిగింది: "నేను కన్ను మూస్తే మా అబ్బోడికి దిక్కెవరు సిస్టరమ్మా?"

ఆమెకు తోడుగా పక్కింటి అమ్మాయి వచ్చింది. ఇంటర్ పాసై ఇంట్లో ఉంటోంది. వెళ్ళేముందు ఆ అమ్మాయి కూడా ఒక ప్రశ్న అడిగింది: "ఈ పని నేర్పించే చదువు ఏదన్నా ఉందా మేడమ్?"

ఒకే గదిలో అడిగిన ఈ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి జవాబుగా ఉన్నాయని మాకు అనిపించింది. అందుకే ఈ పాఠం.

ఈ పని అంటే ఏమిటి?

సహాయకుడు నర్సు కాదు, ఫిజియోథెరపిస్టు కాదు. అలాగని కేవలం ఎత్తి దించే ఆయా కూడా కాదు. వైకల్యం ఉన్న వ్యక్తి లేవడానికి, కూర్చోడానికి, తినడానికి, బయటికి వెళ్ళడానికి, బడికో పనికో చేరడానికి, తన మనసులోని మాట చెప్పుకోవడానికి అవసరమైనంత సహాయం చేసేవారే సహాయకులు. ఇందులో "అవసరమైనంత" అనే మాట ముఖ్యం. చొక్కా గుండీలు తనే పెట్టుకోగలిగిన అబ్బాయికి పది నిమిషాలు పడుతుందని మనమే పెట్టేస్తే, ఆ రోజు పని త్వరగా అవుతుంది, కాని అతనికి వచ్చిన విద్య పోతుంది. మంచి సహాయకుడు చేయవలసినచోట చేస్తాడు, ఆగవలసినచోట ఆగుతాడు. ఆగడం నేర్చుకోవడానికే ఎక్కువ శిక్షణ కావాలి.

మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం సంరక్షకులు ఎవరో కూడా చెప్పింది. డబ్బు తీసుకొనిగాని, తీసుకోకుండాగాని వైకల్యం ఉన్న వ్యక్తికి సంరక్షణ, ఆసరా, సహాయం అందించే ఎవరైనా సంరక్షకులే. తల్లిదండ్రులు, ఇంటివారు కూడా ఇందులోకి వస్తారు. కనుక పాకాల తల్లి చేస్తున్నది "ఊరికే ఇంటి పని" కాదు. ఆమె పనిని చట్టం గుర్తించింది. అంతకుముందు ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, ఈ చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, కండరాల క్షీణత, తలసేమియా, పార్కిన్సన్స్ వంటివి ఇందులో చేరాయి. అంటే సహాయం అవసరమని చట్టం ఒప్పుకున్నవారి సంఖ్య పెరిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది వైకల్యంతో ఉన్నారు.

మన పొరుగున జరిగిన చరిత్ర

చిత్తూరు నుండి బస్సు ఎక్కితే దాదాపు గంటలో చేరే వేలూరులో ఈ విషయమై ఒక పెద్ద పాఠం ఉంది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ మేరీ వర్గీస్ గారు 1954 జనవరిలో వాహన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కిందిభాగం కదలిక కోల్పోయారు. అప్పటికి ఆమె చిన్న వయసు డాక్టరు. ఇక మంచానికే పరిమితం అనుకున్న ఆమె, డాక్టర్ పాల్ బ్రాండ్ గారి ప్రోత్సాహంతో చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత ఆస్ట్రేలియాలో చికిత్స, అమెరికాలో పునరావాస వైద్య శిక్షణ పొంది తిరిగివచ్చి, వేలూరులో ఆ విభాగానికి నాయకత్వం వహించారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఆరంభమైంది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది.

ఆమె జీవితంనుండి మనం రెండు సంగతులు గమనించాలి. మొదటిది, వైకల్యం ఉన్న వ్యక్తి సహాయం పొందేవాడే కాదు, ఇచ్చేవాడు కూడా కాగలడు. రెండవది, ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టినవారు, ఆపరేషన్ గదికి తీసుకొని వెళ్ళినవారు, పుండ్లు పడకుండా చూసినవారు లేకుంటే ఆ శస్త్రచికిత్సలు జరిగేవి కావు. వారి పేర్లు పుస్తకాలలో లేవు. నేటి మన పాఠం ఆ పేరులేని చేతుల గురించే.

మన తిరుపతిలో కూడా ఇందుకు పునాది ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలోని బర్డ్ ఆసుపత్రిలో పోలియో వలన వంకరపోయిన కాళ్ళకు శస్త్రచికిత్సలు ఎన్నో జరిగాయి. బధిర పాఠశాల ఉంది. స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాల ఉంది. కాని ఆపరేషన్ అయి, కాలిపర్ వేసుకొని ఊరికి వెళ్ళిన తరువాత ఏమిటి? ఆసుపత్రిలో ఉండేది పదిరోజులు, ఇంట్లో ఉండేది మిగతా జీవితమంతా. ఆ ఖాళీని పూరించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాజ ఆధారిత పునరావాసం అనే పద్ధతిని ముందుకు తెచ్చింది. దానికోసం 1989లో శిక్షణ పుస్తకం, 2010లో మార్గదర్శకాలు ప్రచురించింది. దాని సారాంశం ఇది: ఊరివారిలోనే ఒకరికి శిక్షణ ఇవ్వాలి, వారు ఇంటివారికి నేర్పాలి, పెద్ద ఆసుపత్రి వెనుకనుండి ఆదుకోవాలి. పక్కనున్న అనంతపురం ప్రాంతంలో ఆర్.డి.టి. సంస్థ వికలాంగుల సంఘాలతో, ప్రత్యేక పాఠశాలలతో ఈ దారిలోనే ఎంతో పని చేసింది.

శిక్షణలో ఏమి నేర్పుతారు?

కొన్ని ముఖ్యమైన అంశాలు ఇక్కడ ఇస్తున్నాం. శిక్షణకు వెళ్ళనివారు కూడా ఇంటిలో వీటిని పాటించవచ్చును.

1. ఎత్తడం, మార్చడం. మంచం మీదినుండి చక్రాల కుర్చీకి మార్చేటప్పుడు కుర్చీని మంచానికి దగ్గరగా, కొంచెం ఏటవాలుగా ఉంచాలి. రెండు బ్రేకులూ వేయాలి. కాళ్ళు పెట్టే పలకలు పైకి మడవాలి. మన మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా ఉంచి, "ఒకటి, రెండు, మూడు" అని చెప్పి ఇద్దరూ కలిసి లేవాలి. పక్షవాతం వచ్చినవారిని బలహీనమైన చేయి పట్టుకొని, లేదా చంకలకింద చేతులు పెట్టి లాగకూడదు. భుజం కీలు జారిపోతుంది. బరువు ఎక్కువైతే ఒక్కరే ఎత్తకూడదు. పాకాల తల్లి నడుము పాడైంది బలం లేక కాదు, పద్ధతి చెప్పినవారు లేక.

2. చర్మాన్ని కాపాడడం. కదలలేనివారిని మంచంమీద రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. కుర్చీలో ఉన్నవారు ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి చేతులమీద బరువు వేసి లేవడమో, ముందుకు పక్కలకు వంగడమో చేయాలి. తుంటి, మడమ, పిరుదుల మధ్య ఎముక ఉన్నచోట రోజూ చూడాలి. నొక్కినా తెల్లబడని ఎర్రని మచ్చ కనిపిస్తే అది పుండుకు మొదటి గుర్తు. ఆ భాగంమీద బరువు పడనీయకూడదు, రుద్దకూడదు. ఈ పుండు రావడానికి ఒక్క రాత్రి చాలు, మానడానికి నెలలు పడుతుంది.

3. అన్నం పెట్టడం. పడుకోబెట్టి పెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలకుండా, గడ్డం కొంచెం కిందికి ఉండేట్టు చూడాలి. చిన్న చెంచాతో పెట్టి, మింగిన తరువాతే రెండవది ఇవ్వాలి. పలుచని నీళ్ళకంటె కొంచెం చిక్కగా ఉన్న గంజి, మెత్తగా కలిపిన రాగి సంకటి కొందరికి సులువుగా దిగుతాయి. ఎవరికి ఏది సరిపడుతుందో థెరపిస్టును అడిగి తెలుసుకోవాలి. తిన్న తరువాత అరగంట పడుకోబెట్టకూడదు. తినేటప్పుడు దగ్గు, గొంతులో గురగుర, మాటిమాటికీ జ్వరం, ఆయాసం ఉంటే ఆహారం ఊపిరితిత్తులలోకి పోతుందేమోనని అనుమానించి డాక్టరుకు చూపించాలి.

4. ఫిట్స్ వచ్చినప్పుడు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోటిలో చెంచా దూర్చడం మన ప్రాంతంలో ఇంకా చూస్తున్నాం. వీటివలన ప్రయోజనం లేదు, పళ్ళు విరిగే ప్రమాదం ఉంది. దగ్గరలోని గట్టి వస్తువులు తీసివేసి, తలకింద మెత్తగా ఏదైనా పెట్టి, ఒక పక్కకు తిప్పి, టైము చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, వెంటనే రెండవసారి వచ్చినా 108కు ఫోన్ చేయాలి.

5. మాటకోసం ఆగడం. మాట రాదంటే మనసు లేదని అర్థం కాదు. రెండు చొక్కాలు చూపించి "ఏది కావాలి?" అని అడిగి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. కంటిచూపుతో, వేలితో, ఒక శబ్దంతో జవాబు వస్తుంది. అతని ఎదుట అతని గురించి వేరేవారితో మాట్లాడకూడదు. "గుడ్డోడు", "కుంటిది", "పిచ్చోడు" అనే మాటలు నోట రాకూడదు. అతనికి పేరు ఉంది, పేరుతోనే పిలవాలి.

6. మర్యాద, భద్రత. స్నానానికి, బట్టలు మార్చడానికి ముందు చెప్పాలి, తలుపు మూయాలి, అవసరమైనంతవరకే బట్టలు తీయాలి. మాట చెప్పలేనివారిని ఎవరైనా కొట్టడం, అసభ్యంగా తాకడం, పెన్షన్ డబ్బు తీసుకోవడం జరిగితే దాచకుండా తెలియజేయడం సహాయకుని బాధ్యత. కారణం తెలియని గాయాలు, ఒక మనిషిని చూస్తే భయపడడం, ఒక్కసారిగా తినడం మానేయడం గుర్తులుగా తీసుకోవాలి.

ఏ చదువులు ఉన్నాయి?

దీనిని ఒక మెట్లదారిగా చూడండి. అందరూ పైమెట్టుకు వెళ్ళనవసరం లేదు. కాని పైన మెట్టు ఉందని తెలిసి ఎక్కడం మంచిది.

మొదటి మెట్టు స్వల్పకాలిక శిక్షణలు. నైపుణ్యాభివృద్ధి పథకాలలో జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అనే కోర్సులు ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం రోగి సేవకు, వృద్ధుల సేవకు సంబంధించినది. వైకల్యం గురించి కొంతే ఉంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యాలు ఉన్నవారికోసం 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు కూడా సహయోగి అనే పథకంతో సంరక్షకులకు శిక్షణ ఇప్పించింది.

రెండవ మెట్టు ఆరు నెలల కోర్సు. సమాజ ఆధారిత సమ్మిళిత అభివృద్ధి అనే ఈ సర్టిఫికెట్ కోర్సును భారత పునరావాస మండలి, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేశాయి. 2021 మే నెలలో దీనిని ప్రారంభించారు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలతో కలిసి ఊరిలో పనిచేయగల వారిని తయారుచేయడం దీని ఉద్దేశం. పాసైనవారిని దివ్యాంగ మిత్ర అని పిలవాలని నిర్ణయించారు. పాఠ్యపుస్తకాలకు ఎన్నుకున్న భాషలలో మన తెలుగు కూడా ఉంది. ఇంగ్లీషు రాదని వెనుకకు తగ్గే పిల్లలకు ఇది మంచి వార్త.

మూడవ మెట్టు డిప్లొమాలు. ఇంటర్ తరువాత ప్రత్యేక విద్యలో రెండేళ్ళ డిప్లొమా చేస్తే ప్రత్యేక ఉపాధ్యాయులు కావచ్చును. సంజ్ఞా భాష అనువాదంలో, వృత్తి పునరావాసంలో కూడా డిప్లొమాలు ఉన్నాయి. మన రాష్ట్రంలో మండలాలలోని భవిత కేంద్రాలలో ఇటువంటి పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ ఇస్తున్నారు. అక్కడ జరిగే పనిని ఒకరోజు కూర్చొని చూడండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

నాలుగవ మెట్టు డిగ్రీలు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, మాట వినికిడి చికిత్స, కృత్రిమ అవయవాల తయారీ, ప్రత్యేక విద్యలో బి.ఇడి. మొదలైనవి.

సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో ఆరంభమైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేడు నీపిడ్ అనే పేరుతో పిలువబడుతోంది. ఈ రంగంలో తెలుగువారికి ఇది పెద్ద విద్యాలయం. దాని ఆధ్వర్యంలోని ప్రాంతీయ కేంద్రం నెల్లూరులో ఉంది. తిరుపతివారికి అది దగ్గర.

చేరేముందు అడగవలసినవి

పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. మండలి గుర్తించిన కోర్సు పాసై, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేసుకున్నవారే పునరావాస నిపుణులుగా పనిచేయవచ్చును. నమోదు లేకుండా పనిచేస్తే ఏడాదివరకు జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. కనుక "స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సు" అని గోడమీద పోస్టరు చూసి డబ్బు కట్టకండి. ఈ ప్రశ్నలు అడగండి:

ఈ సంస్థకు, ఈ కోర్సుకు, ఈ సంవత్సరానికి మండలి గుర్తింపు ఉందా? మండలి వెబ్‌సైటులో పేరు ఉందా?
పాఠాలు ఎన్ని గంటలు, వైకల్యం ఉన్నవారితో చేయించే పని ఎన్ని గంటలు?
ఆ పని ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో చేయిస్తారు?
కట్టిన ప్రతి రూపాయికి రసీదు ఇస్తారా?
పోయిన బ్యాచివారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? వారితో మాట్లాడవచ్చా?

విదేశాల గురించి కూడా ఒక మాట. ఆస్ట్రేలియాలో 2013 చట్టంతో జాతీయ వైకల్య బీమా పథకం వచ్చిన తరువాత సహాయకుల ఉద్యోగాలు ఎంతో పెరిగాయి. అక్కడి మన పిల్లలు కొందరు చదువుకొంటూ ఈ పని చేస్తున్నారు. కాని ఇక్కడి సర్టిఫికెట్ చూపగానే అక్కడ వీసా ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. బ్రిటన్ 2025 జూలై 22 నుండి విదేశాలలో ఉన్నవారిని సంరక్షకుల ఉద్యోగాలకు కొత్తగా తీసుకోవడం ఆపివేసింది. ఆ దేశానికి "కేర్ వీసా" ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంటు మాట వినకండి. ఏ దేశానికైనా భారత విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్న ఏజెంటేనా అని ముందు చూసుకోండి.

జీతం గురించి దాచకుండా

ఈ పనిలో మొదటి జీతం తక్కువ. దీనిని దాచి పిల్లలను పిలవడం న్యాయం కాదు. కారణం కూడా చెప్పుకోవాలి. సహాయకుడు కావలసిన ఇల్లు చాలావరకు పేద ఇల్లే. మన రాష్ట్రంలో 2024 జూలైనుండి వికలాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు అయింది. ఇది పెద్ద ఊరటే. అయినా మందులు, డైపర్లు, ప్రయాణాలు పోగా, రోజంతా ఉండే మనిషికి సరియైన జీతం ఇవ్వడానికి ఇది చాలదు. అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఉండాలని 2016 చట్టంలో ఉంది. అది అడగడం మన హక్కు.

ఇంకొక మార్గం కూడా ఉంది. ఒక పల్లెలో నాలుగైదు ఇళ్ళవారు కలిసి ఒక శిక్షణ పొందిన సహాయకురాలిని పెట్టుకొంటే, ఆమె ఉదయం ఒక ఇంట, మధ్యాహ్నం ఒక ఇంట పనిచేయగలదు. ప్రతి ఇంటికీ భారం తగ్గుతుంది, ఆమెకు బ్రతుకుతెరువు దొరుకుతుంది. సంఘాలు, మహిళా పొదుపు గుంపులు దీనిని ఆలోచించాలి. ఆమెను మాత్రం పనిమనిషిగా చూడకండి. అంట్లు తోమమని అడగకండి. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వండి.

"మా తరువాత ఎవరు?"

తల్లి అడిగిన ప్రశ్నకు తిరిగివద్దాం. దీనికి ఒకే జవాబు లేదు, కాని మూడు పనులు చేయవచ్చును. ఒకటి, బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత నేషనల్ ట్రస్టు చట్టం కిందికి వచ్చే వైకల్యం ఉంటే, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ద్వారా చట్టబద్ధమైన సంరక్షకుని నియమింపజేసుకోవాలి. అదే ట్రస్టు ద్వారా సంవత్సరానికి లక్ష రూపాయలవరకు నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవాలి. రెండు, బిడ్డ అలవాట్లు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాలి. ఎలా తింటాడు, ఏ మందు ఏ వేళకు, ఏ శబ్దానికి ఏ అర్థం, దేనికి భయపడతాడు, దేనికి నవ్వుతాడు. తల్లికి మాత్రమే తెలిసినది తల్లితోనే పోకూడదు. మూడు, తల్లి ఓపికగా ఉన్నప్పుడే ఇంకొకరి చేతికి అలవాటు చేయాలి. వారానికి రెండు గంటలతో ఆరంభించండి.

ఆ రోజు మా థెరపిస్టు ఆ పక్కింటి అమ్మాయికి కుర్చీ బ్రేకులు వేయడం, మోకాళ్ళు వంచి ఎత్తడం నేర్పింది. మొదటిసారి తడబడింది. రెండవసారి తల్లి పక్కన నిలబడి చూస్తుండగా ఆ అమ్మాయి, థెరపిస్టు కలిసి అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టారు. పందొమ్మిదేళ్ళలో తన కొడుకును వేరేవారు ఎత్తగా తాను చేతులు కట్టుకొని నిలబడడం ఇదే మొదటిసారి అని ఆ తల్లి చెప్పింది.

ఇంటిలో మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. మన వీధిలో మంచానికే పరిమితమైనవారు ఎవరు? వారిని చూసుకొనేవారికి చివరిసారి ఎప్పుడు విశ్రాంతి దొరికింది?
2. ఈ పాఠంలో చెప్పిన పద్ధతులలో మన ఇంట్లో తప్పుగా చేస్తున్నది ఏది?
3. పది, ఇంటర్ పాసైన మన పిల్లలలో ఓపిక, నవ్వుముఖం ఉన్నవారు ఎవరు? వారికి ఈ చదువుల సంగతి ఎవరు చెబుతారు?
4. మన బిడ్డ గురించి మనకు తప్ప ఇంకెవరికీ తెలియని విషయాలు ఏమిటి? వాటిని ఈ వారమే రాసిపెడదామా?